డచ్ నేర్పించాలా, జర్మన్ నేర్పించాలా?

ప్రశ్న: మాది మచిలీపట్నం. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు, నెదర్లాండ్స్‌లో ఎమ్మెస్ చేస్తానంటున్నాడు. డచ్ వస్తే అక్కడ ఉద్యోగం ఖాయమని చెబుతూ హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల కోర్సుకు 90 వేలు అడుగుతోంది. డచ్ మంచిదా, జర్మన్ మంచిదా? మావాడు కొత్తవాళ్లతో నోరు విప్పడు. భాష వస్తేనైనా అక్కడ నెట్టుకొస్తాడని ఆశ. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రెండు భాషల గురించి అడిగారు గానీ, మీ దిగులంతా చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. ముందు పోలిక సంగతి చెబుతాను. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధన రుసుము ఉండదు, కానీ చిన్న కంపెనీల్లో పనిచేయాలన్నా ఆఫీసుల్లో కాగితాలు నడిపించుకోవాలన్నా జర్మన్ కావాలి, కాబట్టి దాన్ని ఇక్కడే గట్టిగా నేర్చుకుని వెళ్లడం లాభం. నెదర్లాండ్స్‌లో మనవాళ్లకు రుసుము ఏడాదికి సుమారు 15 వేల యూరోల నుంచి మొదలవుతుంది, కానీ ఎమ్మెస్ బోధన చాలావరకు ఇంగ్లీషులోనే సాగుతుంది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఏడాది అనుమతికి గానీ, ఆ తరువాత నైపుణ్య ఉద్యోగులకు ఇచ్చే వీసాకు గానీ డచ్ పరీక్ష అడగరు. ఐదేళ్లు గడిచాక శాశ్వత నివాసమో పౌరసత్వమో కోరుకుంటే అప్పుడు భాషా పరీక్ష వస్తుంది. నర్సులు, డాక్టర్ల విషయం వేరు, వారికి డచ్ లేకుండా వృత్తిలో నమోదే దొరకదు.

అందువల్ల డచ్ వస్తే ఉద్యోగం ఖాయమన్న మాటను నేను నమ్మను. ఆరు నెలల తరగతి గది డచ్‌తో అక్కడికి వెళ్లినవారిని చాలామందిని చూశాను. దుకాణంలో మన తడబాటు వినగానే ఎదుటివారు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. డచ్ సాధన చేయాలనుకుంటున్నానని చెప్పి, మళ్లీ డచ్‌లోనే మాట్లాడే పట్టుదల ఉన్నవారికే భాష నిలుస్తుంది, మిగతావారు 90 వేలతో నేర్చుకున్నది ఏడాదిలో మరిచిపోతారు. డచ్ ప్రారంభ పాఠాలను నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో అందించింది. అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు తమ విదేశీ విద్యార్థులకు డచ్ నేర్పుతాయి కూడా. ముందు వాటితో మొదలుపెట్టమనండి.

భాష వద్దని నేను అనడం లేదు. అది అక్కరకొచ్చేది ఇల్లు దగ్గర, స్నేహాల దగ్గర. అక్కడ అద్దె గదులకు విపరీతమైన కరువు. కలిసి ఉండే ఇళ్లలో ఒక గది ఖాళీ అయితే, పాత విద్యార్థులు ఒక సాయంత్రం పదిమందిని పిలిచి, టీ తాగిస్తూ కబుర్లాడి, నచ్చిన ఒక్కరిని ఎంచుకుంటారు. డచ్ మాట్లాడేవారే కావాలని ముందే రాసేవారూ ఉన్నారు. సమయం చెప్పడంలోనూ తిరకాసు ఉంది. ‘హాల్ఫ్ డ్రీ’ అంటే మాటకు మాట ‘సగం మూడు’, మనవాడు మూడున్నర అనుకుని వెళతాడు, వాళ్ల లెక్కలో అది రెండున్నర. కలవడానికి వారాల ముందే డైరీలో రాసుకునే మనుషుల దగ్గర గంట ఆలస్యమంటే చిన్న విషయం కాదు. పుట్టినరోజు విందులో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. పుట్టినరోజు ఎవరిదో వారికే కాక, వారి అమ్మానాన్నలకు, అక్కచెల్లెళ్లకు కూడా ఒక్కొక్కరికీ శుభాకాంక్షలు చెప్పాలి. ప్రొఫెసర్ను సార్ అనకుండా పేరు పెట్టి పిలవడానికి మన పిల్లలకు నెలలు పడుతుంది.

తెలుగువారికి ఒక చోట ఈ భాష చుట్టంలా అనిపిస్తుంది. ‘ఇక్ లేర్ నేడర్లాండ్స్’ అంటే ‘నేను నేర్చుకుంటున్నాను డచ్’. ముందు ‘ఒమ్దాట్’, అంటే ‘ఎందుకంటే’, చేర్చగానే క్రియ వాక్యం చివరికి వెళ్లి, ‘ఇక్ నేడర్లాండ్స్ లేర్’ అవుతుంది, అచ్చం మన ‘నేను డచ్ నేర్చుకుంటున్నాను’ వరుసలోనే.

ఇక అసలు దిగులు. 1605లో మీ ఊరికి వచ్చి వర్తకం మొదలుపెట్టిన డచ్చివారి గుర్తుగా వలందపాలెం పేరు ఇంకా నిలిచి ఉంది. ఆ కాలంలో మన తీరాన విదేశీ వర్తకులకు దుబాసీలు మాట్లాడిపెట్టేవారు. మీరు మీ అబ్బాయికి ఆ పనే చేస్తున్నారు. ఇరవై దాటిన మనిషి, యూరప్ వెళ్లబోయే మనిషి, తన చదువు గురించి తన తల్లి చేత ఉత్తరం రాయిస్తున్నాడు. బ్యాంకులోనూ కాలేజీలోనూ కూడా మీరే మాట్లాడుతూ వచ్చి ఉంటే, అతనికి మాట్లాడే అవసరం ఎక్కడ పడింది? తెలుగులో విప్పని నోరు డచ్‌లో విప్పుకోదు. కోపం తెచ్చుకోకండి, ప్రేమతోనే చేశారని నాకు తెలుసు.

అంత భయపడవలసిందీ లేదు. ముక్తసరిగా, సూటిగా మాట్లాడితే అక్కడ తప్పుపట్టరు, అతిగా మాట్లాడితేనే వింతగా చూస్తారు. నెమ్మదైన పిల్లలు, చెప్పిన వేళకు వచ్చి చెప్పిన పని చేసేవారు, అక్కడ చక్కగా ఇమిడిపోవడం నేను చాలాసార్లు చూశాను. విద్యా రుణం గురించి మాట్లాడటానికి ఈసారి బ్యాంకుకు అతణ్ని ఒక్కణ్నే పంపండి. ఈ జవాబును అతని చేత చదివించి, డచ్ నేర్చుకోవాలని తనకు ఉందో లేదో అతణ్నే నాకు రాయమనండి.