బతుకమ్మ ఆడితే వ్యాయామమేనా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నాను. నడకంటే విసుగు. రోజూ గంటసేపు బతుకమ్మ ఆడితే సరిపోతుందా?

జవాబు: నిక్షేపంగా ఆడండమ్మా. వంగుతూ, చప్పట్లు కొడుతూ తిరగడం మంచి వ్యాయామమే. పండగ 9 రోజులే కాబట్టి, తర్వాత అవే పాటలు పెట్టుకుని మేడ మీద 30 నిమిషాలు, వారానికి 5 రోజులు ఆడండి.

మీ మాత్ర షుగర్‌ని బాగా దించగలదు. ఆటకు ముందు చూసుకోండి. 90 కన్నా తక్కువుంటే చిన్న అరటిపండు తినండి. మధ్యలో వణుకు, చెమట పడితే వెంటనే ఆగి, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి.

పాదాల సంగతి అంతకన్నా ముఖ్యం. తిమ్మిరి ఉంటే ముల్లు దిగినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. అందరూ వట్టికాళ్లతో ఆడినా మీరు సాక్సు, మెత్తటి బూట్లు వేసుకోండి. ఇంటికొచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోండి.