సినిసిజం అంటే నిరాశావాదమా, వైరాగ్యమా?

రెండూ కాదండీ. నిరాశావాదికి రేపంటే భయం. వైరాగ్యం కలిగినవాడు తనకేమీ అక్కర్లేదని పక్కకు తప్పుకుంటాడు. సినిక్ మన మధ్యే ఉంటాడు, కానీ ఎవరు ఏ మంచి చేసినా వెనక స్వార్థం ఉండే తీరుతుందని ముందే తీర్పు చెప్పేసుకుంటాడు.

ఈ పేరు మొదట గ్రీకు తత్వవేత్తలది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో డయోజెనిస్ వంటివాళ్లు డబ్బునీ హోదానీ కాదన్నారు గానీ, మంచితనాన్ని కాదనలేదు. ఆయన పట్టపగలు దీపం పట్టుకుని మనిషి కోసం వెతికాడని కథ. వెతికాడంటే దొరుకుతాడన్న ఆశ ఉన్నట్టే కదా! ఇప్పటి అర్థంలో ఆ వెతుకులాటే లేదు.

నేను ఆరేడేళ్లు అలాగే బతికాను. ప్రాణస్నేహితుడనుకున్నవాడు వ్యాపారంలో నిండా ముంచాక, మళ్లీ మోసపోకూడదన్న భయానికి లోకజ్ఞానమని పేరు పెట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే నాన్న ఐసీయూలో ఉన్నారు. ఆఫీసులో పెద్దగా మాటల్లేని ఒకతను రాత్రి పదకొండింటికి దుప్పటి, ఫోన్ ఛార్జర్ పట్టుకుని వచ్చాడు. "మీరు కాసేపు నడుం వాల్చండి, డాక్టర్ పిలిస్తే లేపుతాను" అని బయట కుర్చీలో కూర్చున్నాడు. పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. ఇతనికి నాతో ఏం పని పడింది? అప్పు కావాలా? సిఫార్సా? తెల్లవార్లూ ఇవే లెక్కలు. ఆరింటికి లేచి అటునుంచి అటే డ్యూటీకి వెళ్లిపోయాడు.

నెలలు గడిచినా ఏమీ అడగలేదు, చివరికి ఆ దుప్పటి కూడా. నేనేమో "ఇంకా సమయం చూసుకుంటున్నాడు" అనుకున్నాను. మామూలు అనుమానమైతే రుజువు దొరికాక పోతుంది. సినిసిజం ఆ రుజువునే అనుమానిస్తుంది. అదే దాని అసలు రోగం.

మన భాషలోనూ ఇది కనిపిస్తుంది. "ఊరక రారు మహాత్ములు" అని పోతన భాగవతంలో నందుడు గర్గమహామునితో అంటాడు, మీ రాకే మాకు శుభమని చేతులు జోడించి. అదే మాటను ఇప్పుడు "ఏదో పని పడే వచ్చాడు" అనడానికి వాడుతున్నాం. నేనూ ఆ రాత్రి మనసులో అదే అనుకున్నాను.

అతనికి కృతజ్ఞతలు చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఫోన్ చేస్తే అతనికి ఆ రాత్రి సరిగా గుర్తే లేదు. "నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగాడు.