రోజులు లెక్కపెట్టి సంక్రాంతి మానుకోకండి

ప్రశ్న: నా వయసు 31. సొంతూరు కాకినాడ. మార్చిలో హైదరాబాద్‌లో ఉద్యోగం మానేశాను. ఏప్రిల్ నుంచి ఒక అమెరికా కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నెలకు 3,000 డాలర్లు వస్తాయి. అద్దె ఇల్లు ఖాళీ చేసి జూన్ 15న థాయ్‌లాండ్ వెళ్లాను. నవంబరు 29 వరకు చియాంగ్ మయ్‌లోనే ఉన్నాను. ఇప్పుడు వియత్నాంలోని దనాంగ్‌లో ఉన్నాను. న్యూ ఇయర్‌కి మళ్లీ చియాంగ్ మయ్ వెళ్దామని డిసెంబరు 15కి టికెట్ చూస్తున్నాను. 182 రోజులు బయట ఉంటే ఎన్నారై అవుతామని, ఇండియాలో పన్ను ఉండదని విన్నాను. అందుకే సంక్రాంతికి రానని ఇంట్లో చెప్పేశాను. 9,000 డాలర్లు ఒక విదేశీ యాప్ ఖాతాలోనే ఉన్నాయి, మిగతావి ఇండియా బ్యాంకుకు వచ్చాయి. నాన్న ప్లాట్ కొనమంటున్నారు. 2025 ముగిసేలోగా నేనేం చేయాలి?

జవాబు: ముందు అమ్మకు ఫోన్ చేసి పండక్కి వస్తున్నానని చెప్పండి. పన్ను మిగులుతుందని ఇంటికి దూరంగా ఉంటున్నారు గానీ, ఆ లెక్కలో మీకు మిగిలేది ఏమీ లేదు.

మన పన్ను సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఆ ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసి, అన్నది అందరికీ తెలిసిన నియమం. చాలామంది వదిలేసేది రెండోది: ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇండియాలో ఉన్నా రెసిడెంటే. మీరు జూన్ 15 వరకు ఇక్కడ 76 రోజులు ఉన్నారు. అంతకుముందు ఏళ్లన్నీ హైదరాబాద్‌లోనే. కాబట్టి ఈ సంవత్సరానికి మీరు ఇప్పటికే రెసిడెంట్. ఉద్యోగం కోసం దేశం విడిచిన భారతీయులకు 60 రోజుల బదులు 182 అనే మినహాయింపు ఉంది. సొంత వృత్తి కోసం వెళ్లినా అది వర్తిస్తుందనే వాదన కూడా ఉంది. కానీ అక్కడ క్లయింటు లేకుండా, ఆఫీసు లేకుండా ఊళ్లు తిరుగుతూ పని చేసుకునే మీరు ఆ వాదన మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. పైగా ఎన్నారై అయినా సరే, నేరుగా ఇండియా ఖాతాలో అందుకున్న ఆదాయానికి ఇక్కడ పన్ను ఉంటుంది.

రెసిడెంట్‌గా ఉండటం మీకు నష్టమేమీ కాదు. ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 44ఏడీఏ ఉంది, సొంత వృత్తి చేసుకునేవాళ్లు ఆదాయాన్ని అంచనాగా చూపించే పద్ధతి. అది రెసిడెంట్లకే దొరుకుతుంది. ఐటీ పని దాని కిందికి వస్తుంది. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే ఏడాదికి 75 లక్షల రాబడి వరకు వాడుకోవచ్చు. వచ్చిన డబ్బులో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, ఖర్చుల బిల్లులు అక్కర్లేదు. డాలరుకు సగటున 87 రూపాయలు వేసుకుంటే మీకు ఏడాదికి సుమారు 31 లక్షలు. సగం 15.5 లక్షలు. కొత్త విధానంలో దానిపై పన్ను, సెస్‌తో కలిపి 1,17,000 రూపాయలు. బ్యాంకు వడ్డీ ఉంటే ఇంకాస్త. నెలకు పది వేలు కూడా కాని ఈ మొత్తం కోసం ఇంతకాలం టెన్షన్ పడ్డారు. 44ఏడీఏ వాళ్లకు అడ్వాన్స్ టాక్స్ నాలుగు విడతలుగా కాదు, మార్చి 15లోగా ఒకేసారి కడితే సరిపోతుంది. ఆ డబ్బు ఇప్పుడే వేరే ఖాతాలో పక్కన పెట్టండి.

డిసెంబరు 31కి నిజంగా విలువ ఉన్నది థాయ్‌లాండ్ లెక్కలో. వాళ్లు జనవరి నుంచి డిసెంబరు వరకు చూస్తారు. ఆ ఏడాదిలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను రెసిడెంట్ అవుతారు. 2024 నుంచి, రెసిడెంట్లు ఆ దేశంలోకి తెచ్చుకున్న విదేశీ ఆదాయంపైనా పన్ను వేస్తున్నారు. మీవి ఇప్పటికే 168 రోజులు. 15న దిగితే సంవత్సరాంతానికి 185 అవుతాయి. ఇండియాతో వాళ్లకు ద్వంద్వ పన్నుల ఒప్పందం ఉంది నిజమే, కానీ దాన్ని వాడుకోవాలంటే రెండు దేశాల్లో కాగితాలు నడపాలి. ఒక పార్టీ కోసం అంత అవసరమా? జనవరిలో వెళ్తే లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. న్యూ ఇయర్ దనాంగ్‌లోనే చేసుకోండి. అక్కడ కూర్చుని చేసిన పనిమీద రెసిడెంట్ కాకపోయినా ఏమైనా కట్టాలా అన్నది మాత్రం థాయ్ పన్ను నిపుణుణ్ణి ఒకసారి అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. నాకు అన్నిటికంటే అర్జెంటుగా కనిపించేది అదే: జీఎస్టీ. సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితి ఏడాదికి 20 లక్షలు. విదేశీ క్లయింటు నుంచి వచ్చిందీ అందులో కలుస్తుంది. ఎనిమిది నెలలకు మీకు దాదాపు 20.9 లక్షలు వచ్చాయి, అంటే నవంబరులోనే దాటేశారు. దాటిన 30 రోజుల్లోగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. అద్దె ఇల్లు లేదని ఆగొద్దు. కాకినాడ ఇంటి కరెంటు బిల్లు, నాన్నగారి సమ్మతి పత్రం పెట్టొచ్చు. నంబరు రాగానే ఎల్‌యూటీ (ఎగుమతిదారు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేస్తే ఎగుమతి సేవల మీద పన్ను కట్టకుండానే బిల్లు వేయొచ్చు. ఎల్‌యూటీని ఏటా ఏప్రిల్‌లో మళ్లీ వేయాలి. ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే విదేశీ రెమిటెన్స్ పత్రం దాచుకోండి.

ఆ 9,000 డాలర్లను ఇండియా ఖాతాకు రప్పించండి. డాలరు 90 దాటింది కదా, ఇంకా పెరుగుతుందని ఆశ పడకండి. మీ సంపాదన మొత్తం డాలర్లలోనే ఉంది, దాచుకున్నదీ డాలర్లలోనే ఎందుకు? ఆ ఖాతా మూసేసినా, 2025లో ఏ రోజు ఉన్నా సరే, రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. ఆ ఒక్క షెడ్యూల్ మాత్రం క్యాలెండర్ సంవత్సరం ప్రకారం నడుస్తుంది. ఏడాదిలో గరిష్ఠంగా ఎంత ఉందో అడుగుతారు కాబట్టి జనవరి నుంచి డిసెంబరు వరకు స్టేట్‌మెంట్ ఇప్పుడే దింపుకోండి. విదేశీ ఖాతా ఉన్నవాళ్లు ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం వేయకూడదు, మీది ఐటీఆర్-3. 2024-25 జీతం రిటర్న్ ఒకవేళ వేయకపోయుంటే, లేట్ ఫీజుతో వేయడానికి 2025 డిసెంబరు 31 ఆఖరు తేదీ.

ఉద్యోగంతో పాటే కంపెనీ ఆరోగ్య బీమా పోయింది. సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ కొన్న రోజు నుంచే లెక్క. ఇలాంటి పాలసీలు ఎక్కువగా ఇండియాలో చికిత్సకే పనిచేస్తాయి, బయట తిరిగేటప్పుడు ట్రావెల్ పాలసీ వేరుగా ఉండాలి.

ఇక ప్లాట్. ఇప్పుడు వద్దు. కాంట్రాక్టు ఏ నెలైనా ఆగొచ్చు. ముందు ఎనిమిది నెలల ఖర్చు, దానిపైన ఇంటికి తిరిగొచ్చే టికెట్ డబ్బు ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి. నాన్నగారికి ఇలా చెప్పండి: సొంతంగా పని చేసుకునేవాళ్లకు అప్పు ఇచ్చేముందు బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్నులు చూస్తాయి. సొంత పని మీద మీ మొదటి రిటర్న్ వచ్చే ఏడాది వేస్తారు. ఆ మాట మళ్లీ 2028లో మాట్లాడుకోవచ్చు.