సైకోపీజీ2 ఇన్‌స్టాల్ ఫెయిల్: పీజీ_కాన్ఫిగ్ దొరకట్లేదు

అండీ, బెంగళూరు ఆఫీసు ప్రాక్సీ (నెట్‌కు మధ్యలో ఉండే సర్వర్) వెనక నుంచి సైకోపీజీ2 (పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను వాడే లైబ్రరీ) ఇన్‌స్టాల్ అవట్లేదని అడిగారు. మీ ఉబుంటులో పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) ‘పీజీ_కాన్ఫిగ్ ఎగ్జిక్యూటబుల్ నాట్ ఫౌండ్’ అని ఆగిపోతోందంటే తప్పు పైథాన్‌ది కాదు. సైకోపీజీ2లోని సీ కోడ్ మీ మెషీన్‌లోనే కంపైల్ అవుతుంది, దానికి పోస్ట్‌గ్రెస్ హెడర్ ఫైళ్లు (కంపైలర్ చదివే .హెచ్ ఫైళ్లు) కావాలి, అవి ఎక్కడున్నాయో చెప్పేదే పీజీ_కాన్ఫిగ్. సర్వర్ ఉన్నంత మాత్రాన అవి రావు.

ముందు ఆప్ట్ (ఉబుంటు ప్యాకేజీ టూల్)తో లిబ్‌పీక్యూ-డెవ్, పైథాన్3-డెవ్, బిల్డ్-ఎసెన్షియల్ వేయండి. ప్రాక్సీ వెనక ఉన్నారు కదా, సుడో (అడ్మిన్‌గా కమాండ్ నడిపేది) పక్కన క్యాపిటల్ -ఈ (-E) పెట్టండి. లేకపోతే మీ ప్రాక్సీ వేరియబుల్స్ (ప్రాక్సీ అడ్రస్ ఉండే సెట్టింగులు)ను సుడో మామూలుగా వదిలేస్తుంది. తర్వాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టుకు విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) యాక్టివేట్ చేసి పిప్ మళ్లీ నడపండి. అప్పుడు కూడా ‘పైథాన్.హెచ్’ (పైథాన్ హెడర్ ఫైల్) లేదంటే మీ ఎన్విరాన్‌మెంట్ వేరే వెర్షన్‌ది: 3.12 అయితే పైథాన్3.12-డెవ్ వేయాలి.

నేర్చుకోడానికైతే సైకోపీజీ2-బైనరీ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) చాలు, కంపైల్ గొడవే ఉండదు. ప్రొడక్షన్‌లో మాత్రం దయచేసి వద్దు, దాని లోపలి ఎస్‌ఎస్‌ఎల్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే) లైబ్రరీకి సిస్టమ్ అప్‌డేట్లు అందవు.