వడదెబ్బకు కాగితం ఏది?

ఆఫీసు మెట్ల మీద: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దార్ జవాబులు

ప్రశ్న: సార్, మొన్న మే నెలలో మా మామగారు వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర చనిపోయారు. 61 ఏళ్లు. వడ్లు ఆరబోసి పన్నెండు రోజులైనా కాంటా కాలేదు. తేమ 17 శాతం దాటిందని ఒకరోజు, సంచులు లేవని ఒకరోజు, లారీ రాలేదని ఒకరోజు తిప్పారు. ఆయన రాత్రీ పగలూ కుప్ప దగ్గరే ఉన్నారు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి టార్పాలిన్ పట్టా పక్కన పడి ఉంటే పక్క కుప్పవాళ్లు చూశారు. ఒళ్లు పెనంలా కాలిపోతోందట. ఆటోలో తీసుకెళ్తుండగానే ప్రాణం పోయింది. డాక్టర్ చూసి గుండె ఆగింది అన్నారు. చీకటి పడకముందే దహనం చేశాం. నాలుగు లక్షలు వస్తాయని ఊళ్లో అంటే ఆఫీసుకు వెళ్లాం, పోస్ట్‌మార్టం కాగితం ఏదని అడిగారు. మేం తప్పు చేశామా?
ఒక కోడలు, సూర్యాపేట జిల్లా

జవాబు: అమ్మా, మీరు తప్పు చేయలేదు. ఇంటి పెద్ద పోయిన పూట, పొద్దు గూకేలోపు కార్యం ముగించాలన్న తొందరలో పోస్ట్‌మార్టం సంగతి ఎవరికి తడుతుంది? తట్టాల్సింది డాక్టరుకి. గుండె ఆగింది అనేది అసలు కారణమే కాదు. పోయినవాళ్లందరికీ గుండె ఆగే ఉంటుంది.

ముందు డబ్బు సంగతి చెబుతాను. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును, వడదెబ్బను రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించింది. చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల ఎక్స్‌గ్రేషియా అంది. అంతకుముందు ఆపద్బంధు పథకం కింద ఇచ్చేది యాభై వేలే. మీ మామగారిది ఆ తర్వాతి మరణం కనుక అడిగే హక్కు మీకుంది. వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. ఇలాంటి ఫైళ్లు కదిపిన చెయ్యి నాది కూడా.

2015 మే నాకు బాగా గుర్తు. ఆ వేసవిలో దేశం మొత్తం మీద వడదెబ్బ చావులు సర్కారు లెక్కల్లోనే రెండు వేలు దాటాయి. అందులో ఎక్కువ భాగం మన రెండు తెలుగు రాష్ట్రాలవే. నేనప్పుడు ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక మండలంలో పనిచేస్తున్నాను. తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు కలిసి త్రిసభ్య కమిటీ. ఎవరు ఎండకు పోయారో, ఎవరు మామూలుగా పోయారో ఆ ముగ్గురూ తేల్చాలి. రిపోర్టు రాసి పెట్టేది నేను.

ఒకరోజు మేకల కాపరి ఒకాయన కేసు వచ్చింది. డెబ్బై దాటినవాడు. తుమ్మచెట్టు కింద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఇంటివాళ్లు ఆ సాయంత్రమే పూడ్చేశారు. ఆసుపత్రి చీటీ లేదు, పోస్ట్‌మార్టం లేదు. "వృద్ధాప్యం వల్ల సహజ మరణం" అని రాశాను. సంతకాలు ముగ్గురివి, దస్తూరి నాది. తగ్గించి రాయమని పైనుంచి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. కాగితం లేని కేసు దానంతట అదే పక్కకు పోతుంది. ఆయన కొడుకు రెండుసార్లు వచ్చి మెట్ల మీద కూర్చుని వెళ్లాడు. మూడోసారి రాలేదు. ఈ శీర్షికకు ఆ పేరు పెట్టింది అందుకే.

మిమ్మల్ని పోస్ట్‌మార్టం అడిగారు కదా. అది ఉన్నా అన్నీ తేలవు. పాము కాటుకు సాధారణంగా గాట్లుంటాయి, కరెంటు షాకుకు చాలాసార్లు కాలిన మచ్చ ఉంటుంది. ఎండకు పోయిన మనిషి ఒంట్లో ఇదే కారణమని కచ్చితంగా చూపించే గుర్తు దాదాపు ఉండదు. ఎక్కడ పడిపోయాడు, ఆ పూట ఎండ ఎంత, ఒంటి వేడి ఎంత, తెలివి ఎప్పుడు తప్పింది, వీటిని బట్టే తేల్చాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే థర్మామీటర్ మీద 104 దాటి, మనిషి మాట తడబడినా, సోయి తప్పినా డాక్టర్లు వడదెబ్బే అంటారు. మీ విషయంలో ఆ అంకె ఎవరూ చూడలేదు. కాబట్టి మిగిలినవి కూడగట్టండి.

కేంద్రంలో ఇచ్చిన టోకెన్ ఉంటే దాని జెరాక్స్ తీయండి. లేకపోతే రిజిస్టర్‌లో మామగారి పేరు ఏ తేదీన ఎక్కిందో సమాచార హక్కు కింద అడగండి. పన్నెండు రోజులు ఆయన అక్కడే ఉన్నారనడానికి అదే సాక్ష్యం. పక్క కుప్పవాళ్లు ఇద్దరి చేత చూసింది చూసినట్టు రాయించి సంతకాలు పెట్టించండి, 'ఒళ్లు పెనంలా కాలింది' అన్న మాటతో సహా. తెలంగాణలో మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, రాష్ట్ర ప్లానింగ్ సొసైటీ వాళ్లవి. ఆ రోజు మీ మండలంలో నమోదైన ఎండ ఎంతో అడిగి తీసుకోండి. ఆసుపత్రి ఓపీ చీటీ పారేయలేదు కదా? ఇవన్నీ జతచేసి తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. గ్రామసభలో తీర్మానం కూడా పెట్టించండి. దానికి చట్టబలం పెద్దగా లేదు కానీ ఫైలు కాస్త బరువెక్కుతుంది. బరువైన ఫైలును పక్కన పెట్టడానికి మావాళ్లు కొంచెం జంకుతారు, నిజం చెబుతున్నాను.

ఇంకో సంగతి కడుపులో దాచుకోలేను. 2025లో మన రాష్ట్రం ఆ జీవో ఇచ్చే నాటికి కేంద్రం విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వరద ఉంది, కరువు ఉంది, వడగళ్ల వాన ఉంది, పంటల మీద పురుగు కూడా ఉంది. చలిగాలులున్నాయి, వడగాడ్పు లేదు! పార్లమెంటులో అడిగినప్పుడల్లా వచ్చిన జవాబు ఒకటే: ఉన్న జాబితా చాలావరకు సరిపోతుందని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. రాష్ట్రాలు కావాలంటే తమ విపత్తు నిధిలో పది శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. తెలంగాణ ఆ దారినే వచ్చింది, 2015 తర్వాత పదేళ్లకు.

తలుచుకుంటే ఆలస్యం కాదు. 2024 మే 13న లోక్‌సభ పోలింగ్‌కు తెలంగాణలో ఎండల వల్ల సాయంత్రం గంట సమయం పెంచారు. చాలాచోట్ల ఐదింటికి ముగియాల్సింది ఆరింటి దాకా నడిచింది. మంచిపనే. ఓటు వేసే చేతికి ఎండ తగులుతుందని తెలిసినవాళ్లకు, వడ్లు ఎత్తే చేతికి తగులుతుందని తెలియదా? కాంటా వేళలు మార్చడానికి ఎన్నికల సంఘం అక్కర్లేదు కదా.

మా సొంతూళ్లో గత యాసంగికి ఎవరి ఆర్డరూ లేకుండానే ఆ పని చేశారు. రైతులు, హమాలీలు కూర్చుని మాట్లాడుకుని కాంటా పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత అని పెట్టుకున్నారు. పగలు ఒక్కో కుప్పకు ఒక్కో మనిషి కాపలా అక్కర్లేదని, నలుగురు వంతులవారీగా అందరి కుప్పలూ చూడాలని తేల్చారు. దీని మీద పెద్ద గొడవే అయింది, ఒకరి వడ్లు ఒకరు నమ్మాలి కదా. చివరికి బడి వరండాలో నీడ పట్టున కూర్చోబెట్టారు. హమాలీల ముఠామేస్త్రి మొదట్లో కూలి తగ్గుతుందన్నాడు. తగ్గలేదు, మధ్యాహ్నం ఎండలో సంచులు కదిలేదే తక్కువ.

ప్రశ్న: నమస్తే సార్. నేను డిగ్రీ చదువుతున్నాను. వాతావరణ మార్పు అంటే మా తాత నవ్వుతాడు, మా కాలంలో ఎండలు లేవా అంటాడు. ఆయనకేం చెప్పాలి? మేం ఊళ్లో చేయగలిగింది ఏమైనా ఉందా?
ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: తాతతో వాదించకు బాబూ, ఆరుబయట ఎప్పటి నుంచి పడుకోవడం మానేశాడో అడుగు. ఆ తర్వాత రాత్రిళ్లు ఎలా ఉన్నాయో ఆయనే చెబుతాడు. 1901 నుంచి 2018 లోపు దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర ప్రభుత్వమే 2020 నివేదికలో రాసింది. సగటు ముప్పావు డిగ్రీ పెరిగితే ఏమవుతుంది అనిపిస్తుంది. సగటు కాస్త జరిగినా ముదిరిన ఎండ రోజులు బాగా పెరుగుతాయి.

చేయగలిగింది ఉంది, ఖర్చు కూడా లేదు. అహ్మదాబాద్‌లో 2010 మేలో ఎండలు ముదిరాయి. తర్వాత పరిశోధకులు వడదెబ్బ అని రాసి ఉన్న చావుల కోసం వెతకలేదు. ఆ నెలలో నగరంలో మొత్తం ఎందరు పోయారు, ముందటి ఏడాది, తర్వాతి ఏడాది మేలలో ఎందరు పోయారు అని పోల్చారు. 1,344 చావులు అదనంగా తేలాయి. 2013లో ఆ నగరం ఎండల ప్రణాళిక తెచ్చింది, దేశంలో మొదటిది అదే.

మీ పంచాయతీలోనూ మరణాల రిజిస్టర్ ఉంటుంది. కార్యదర్శిని మర్యాదగా అడిగి, ఆరేడేళ్ల ఏప్రిల్, మే నెలలు చూడండి. ఒక్క ఊరి అంకెలతో ఏమీ తేలదు, ఒక పెళ్లి వ్యాను బోల్తా పడినా లెక్క మారిపోతుంది. మండలంలో అన్ని ఊళ్లవీ కలపండి. కొవిడ్ ఏళ్లు పక్కన పెట్టండి. కారణం అన్న గడిని మాత్రం నమ్మొద్దు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22 శాతం చిల్లర. తక్కినచోట్ల నాలాంటివాడెవడో రాసి ఉంటాడు.

ప్రశ్న: అన్నా, మాది రేకుల ఇల్లు. మిషన్ కుట్టుకుంటాను. మధ్యాహ్నం ఇంట్లో ఉండలేం. మా గల్లీలో నాయకుల ఫొటోలతో మూడు చలివేంద్రాలున్నాయి, నీళ్లు మాత్రం ఒకదాంట్లోనే. ఇంటి వేడికి ఏదైనా దారి చెప్పండి.
ఒక చెల్లెలు, హైదరాబాద్

జవాబు: చెల్లెమ్మా, ఆ ఒక్క చలివేంద్రంలో నీళ్లు పోసేదెవరో కనుక్కుని మిగతా రెండు కుండలూ వాళ్లకే అప్పగించండి. ఫొటోలు అలాగే ఉండనీయండి, నీడకు పనికొస్తాయి.

ఇంటి సంగతికి వస్తే, పైకప్పు తెల్లగా ఉంటే ఎండను వెనక్కి కొడుతుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఏసీ ముందు ఇదేం లెక్క అనొచ్చు, ఏసీ లేనివాళ్లకు లెక్కే. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. అందులో తప్పనిసరి నిబంధన ఎక్కువగా సర్కారీ భవనాలకు, వ్యాపార భవనాలకు, పెద్ద ఇళ్లకు. రేకుల ఇళ్లకు మీరే పూనుకోవాలి.

గల్లీలో పది ఇళ్లు కలిస్తే సున్నం, జిగురు, బ్రష్షులు చౌకగా పడతాయి. ఫిబ్రవరి చివర్లో, పొద్దున్నే వేయండి. రెండు పూతలు వేస్తే మేలు. వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయాల్సిందే. సిమెంటు రేకులైతే పొడి చీపురుతోనో, ఇనుప బ్రష్‌తోనో గీకొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. తడిపి మెత్తగా కడగండి. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు. కింద దూలం ఎక్కడుందో చూసుకుని, దాని మీదుగా పలక అడ్డం వేసి ఎక్కండి. పాతబడ్డ రేకైతే అసలు ఎక్కొద్దు, పక్కన నిచ్చెన వేసుకుని పొడవాటి కర్రకు బ్రష్ కట్టి వేయించండి.