పాత మ్యాసీ 35లో డీజిల్ పంపు, ఫిల్టరు ఒరిజినలో కాదో ఎలా తెలుస్తుంది?

మీ తాతగారి మూడు సిలిండర్ల మ్యాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరులో డీజిల్ పంపు, ఫిల్టరు, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు బండితో వచ్చినవేనా, మధ్యలో ఎవరైనా మార్చారా అని అడిగారు. మా ఇంట్లోనూ అదే బండి ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో పంపు షాపు చుట్టూ తిరిగి బాగు చేయించాను. రంగు చూసి "ఒరిజినలే బాబూ" అనేవాళ్లు చాలామంది దొరుకుతారు. రంగు డబ్బా ఎవరైనా కొనుక్కోవచ్చు, దాన్ని నమ్మకండి.

ముందు పంపు పక్కనున్న చిన్న రేకు ప్లేటు చదవండి. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడవండి. గరుకు కాగితం పెడితే అంకెలు అరిగిపోతాయి. ఈ బండిలోని పెర్కిన్స్ కంపెనీ ఇంజనుకు వచ్చేది లూకాస్ గ్రూపులోని సీఏవీ వాళ్ల డీపీఏ రకం రోటరీ పంపు. నంబరు 32తో మొదలవుతుంది, మూడో అంకె సిలిండర్ల లెక్క. 323 ఉంటే సరే. 324 కనిపిస్తే ప్లేటో, బాడీయో నాలుగు సిలిండర్ల బండి నుంచి వచ్చినట్టే. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" లేదని మాత్రం టెన్షన్ పడకండి. మ్యాసీ ట్రాక్టర్లు ఇక్కడే తయారుచేసే టాఫే కంపెనీ మద్రాసులో మొదలైంది 1960లో. ఇక్కడ తయారైన బండికి ఇక్కడి పంపు ఉంటే అందులో వింతేముంది? డెల్ఫీ పేరుంటే మాత్రం తర్వాత వేసిందే, ఎందుకంటే లూకాస్ డీజిల్ వ్యాపారం డెల్ఫీ చేతికి వెళ్లింది 2000లో.

నాకు బాగా పనికొచ్చిన పరీక్ష పానాలది. ఈ ఇంజను బోల్టులన్నీ అంగుళాల కొలతవి. 9/16 పానా సరిగ్గా కూర్చునే నట్టుకు 14 మిల్లీమీటర్ల పానా అసలు ఎక్కదు. అలాంటి చోట 14 పానా హాయిగా ఎక్కిందంటే ఆ నట్టు, బహుశా దానితోపాటు ఆ పైపు కూడా, తర్వాత వేసినవే. మా బండిలో ఫిల్టరు నుంచి పంపుకు వెళ్లే పైపు ఇలాగే దొరికిపోయింది.

ఫిల్టరుకు పైన హెడ్డు, కింద గిన్నె, మధ్యలో కాగితం ఎలిమెంటు, అన్నింటినీ కలిపి పట్టే ఒకే ఒక్క పొడవాటి బోల్టు ఉండాలి. చేత్తో తిప్పి బిగించే డబ్బా ఉంటే మార్చారన్నమాట. నాజిళ్ల విషయంలో పట్టుదల వద్దు, అవి అరిగేవే. నాజిల్‌ను పట్టి ఉంచే హోల్డరు పాతదైతే చాలు.

పంపు విప్పే ముందు ఫ్లాంజి (పంపును ఇంజనుకు బిగించే అంచు) మీది గీత, టైమింగ్ కేసు (ఇంజను ముందున్న గేర్ల పెట్టె) మీది గీత ఎలా కలిశాయో ఫొటో తీసుకోండి. షాపులో "ఇది ఇచ్చేసి రెడీ పంపు పట్టుకెళ్లండి" అంటారు. ఒప్పుకుంటే మీ పాత బాడీ ఇక తిరిగి రాదు. దానికే సీళ్లు వేయమని చెప్పి, ప్లేటు నంబరు రసీదు మీద రాయించుకోండి.