పాత పెర్కిన్స్ 4-108 బోట్ ఇంజన్ కింద ఆయిల్ కారుతోంది, రియర్ మెయిన్ సీలేనా?

మీ ప్రశ్న ఇదీ: 1970ల నాటి సెయిల్ బోట్ కొన్నారు, అందులో పెర్కిన్స్ 4-108 డీజిల్, బయటికెళ్లి వచ్చిన ప్రతిసారీ ఇంజన్ కింద ఆయిల్, బోట్లు బాగుచేసే యార్డ్ వాళ్లేమో చూడగానే రియర్ మెయిన్ సీల్ (ఇంజన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే సీల్) పోయింది గేర్‌బాక్స్ దింపాలి అంటున్నారు, నమ్మొచ్చా అని. నేను మేరీల్యాండ్‌లో చెసపీక్ బే మీద ఇదే ఇంజన్‌తో కొన్నేళ్లుగా తంటాలు పడుతున్నా కాబట్టి చెప్తున్నా. వాళ్లది అబద్ధం అనట్లేదు, కానీ ఇప్పుడే డబ్బులు మాత్రం కట్టకండి.

ఈ ఇంజన్‌కి ఆ చెడ్డపేరు ఊరికే రాలేదులెండి. వెనక క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) చుట్టూ ఉండే సీల్ ఇప్పటి ఇంజన్లలోలాగా రబ్బరు లిప్ సీల్ కాదు, తాడు. నిజంగానే తాడు, గ్రాఫైట్ పట్టించిన అల్లిక తాడు, రెండు ముక్కలుగా అల్యూమినియం హౌసింగ్‌లో కూర్చుంటుంది. దాంతోపాటు షాఫ్ట్ మీద మర లాంటి గాడి ఉంటుంది, ఇంజన్ తిరుగుతున్నప్పుడు అది ఆయిల్ని లోపలికి వెనక్కి తోసేస్తుంది. కాబట్టి కొత్తగా ఉన్నప్పుడు కూడా ఇది చుక్క కారని సీల్ ఏం కాదు. దీని గురించి తెలిసిన ప్రతివాడూ బోట్ అడుగున ఉండే బిల్జ్‌లో ఆయిల్ కనబడగానే కళ్లు మూసుకుని రియర్ సీల్ అనేస్తాడు.

అసలు తిరకాసు ఎక్కడంటే, బోట్‌లో ఇంజన్ సమంగా కూర్చోదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి వెళ్లాలి కాబట్టి వెనక్కి వాలి ఉంటుంది. రాకర్ కవర్ (ఇంజన్ పైన వాల్వుల మీద ఉండే మూత) దగ్గర కారినా, ఫిల్టర్ దగ్గర కారినా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర కారినా ఆ ఆయిలంతా బ్లాక్ పట్టుకుని జారుకుంటూ వెనక్కే వెళ్లి సరిగ్గా బెల్ హౌసింగ్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే డొప్ప) కింద చుక్కలు పడుతుంది. పైగా మన బోట్లలో చాలావాటికి క్యాబిన్‌లోకి దిగే మెట్లు తీస్తే ఇంజన్ ముందు భాగం మాత్రమే కనబడుతుంది, వెనక వైపు చెయ్యి కూడా పట్టదు. చుక్క ఎక్కడ పడుతోందో చూసి సీల్ పోయిందనడానికి లేదు, ఆయిల్ తడి అన్నిటికంటే పైన ఎక్కడ మొదలైందో అది పట్టుకోవాలి.

ముందు అది ఏ ఆయిలో చూడండి. బెల్ హౌసింగ్ అడుగున చిన్న డ్రెయిన్ రంధ్రం ఉంటుంది, తెల్ల టిష్యూ పెట్టి తుడవండి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. ఎర్రగా ఉంటే గేర్‌బాక్స్‌ది, ఎందుకంటే ఈ ఇంజన్ వెనక ఎక్కువగా కనబడే వెల్వెట్ డ్రైవ్ లాంటి గేర్‌బాక్స్‌ల్లో పోసేది ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), అప్పుడు మీ గొడవే వేరు. డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి, ఆయిల్ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగిందా, వాసన డీజిల్‌లా ఉందా? అలా ఉంటే ట్యాంక్ నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంప్ లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగి డీజిల్ కింద ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుండొచ్చు. అది లీక్ కంటే పెద్ద ప్రమాదం, పల్చబడ్డ ఆయిల్ అన్ని సందుల్లోంచీ కారుతుంది, బేరింగులు కూడా పోతాయి, అది బాగయ్యేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

తర్వాత కడగడం. ఇదే అందరూ ఎగ్గొట్టే పని, కానీ సగం జవాబు ఇందులోనే ఉంది. యాభై ఏళ్ల జిడ్డు మీద కొత్త తడి కనబడదు కదా. ఆల్టర్నేటర్‌కీ స్టార్టర్‌కీ ప్లాస్టిక్ కవర్ చుట్టి, డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, లోహం కనబడేదాకా కడగండి. దానికంటే ముందు బిల్జ్ పంప్ ఆటోమేటిక్ స్విచ్ ఆపేయండి దయచేసి, లేకపోతే ఆ మురుగంతా నీళ్లలోకి పోతుంది, అమెరికాలో నీటిమీద నూనె తెట్టు కనబడినా నేరమే, 26 అడుగులు, ఆపైన పొడవున్న బోట్లలో ఆ హెచ్చరిక పలక కూడా ఉండాలి.

కడిగి ఆరాక నేను చేసేది కాకినాడ పద్ధతి. చిన్నప్పుడు మా బాబాయి మరబోటు మీద డ్రైవర్ గారు చేసేవారు, ఇంజన్ శుభ్రంగా తుడిచి పైన మొహానికి రాసుకునే పౌడర్ చల్లి అప్పుడు స్టార్ట్ చేసేవారు. పౌడర్ పూసిన చోట సన్నటి ఆయిల్ గీత కూడా ముదురు రంగులో చారలాగా స్పష్టంగా కనబడుతుంది, ఆ చారని కిందినుంచి పైకి పట్టుకుపోవడమే. ఆయిల్‌లో కలిపితే యూవీ లైటు కింద మెరిసే యూవీ డై కూడా మంచిదే గానీ డీజిల్ ఆయిల్ నల్లగా ఉంటే డై వెలుగు సరిగా రాదు, కొత్త ఆయిల్ పోసి వేయాలి. నాకైతే పౌడరే చాలు.

ఇంజన్ని ఊరికే ఐడిల్‌లో తిప్పితే ఉపయోగం లేదు, నాది ఐడిల్‌లో పొడిగా ఉండేది. డాక్‌కి తాళ్లు డబుల్‌గా కట్టి, ఫార్వర్డ్ గేర్ వేసి, 1500 ఆర్‌పీఎం దగ్గర లోడ్ మీద కాసేపు ఉంచాలి, బెల్టుల దగ్గర చేతులూ వదులు బట్టలూ జాగ్రత్త. తర్వాత ఆపేసి సెల్ఫీ స్టిక్‌కి ఫోన్ తగిలించి ఫ్లాష్ వేసి వెనక వైపు వీడియో తీశా. బెల్ హౌసింగ్ పైభాగంలోనే పౌడర్ తడిసి ఉంది! సీల్ కారితే కింద తడవాలి గానీ పైన ఎందుకు తడుస్తుంది? చార పట్టుకుని పైకి చూస్తే రాకర్ కవర్ వెనక మూల, కార్క్ గాస్కెట్ బయటికి ఉబ్బి ఉంది, ఎవరో కారుతోందని బోల్టులు బిగించీ బిగించీ దాన్ని పిండేశారు.

అయితే గాస్కెట్ మార్చి ఊరుకోలేదు, ఎందుకంటే మంచి గాస్కెట్‌నైనా తన్నుకుని ఆయిల్ బయటికి వస్తోందంటే లోపల ప్రెషర్ ఉండాలి. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, మీది కూడా ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ క్రాంక్‌షాఫ్ట్ తిరిగే క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది, అది పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. అది మూసుకుపోతే ఆ గ్యాస్ ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్ని తోసుకుంటూ వస్తుంది, వెనక ఉన్న తాడు సీల్ అయితే అన్నిటికంటే ముందు లొంగిపోతుంది. చూడటం తేలిక, పారదర్శకంగా ఉండే సన్న పైపు ఇంగ్లీష్ యు అక్షరంలా వంచి సగం నీళ్లు పోసి, ఒక కొస డిప్‌స్టిక్ గొట్టానికి గాలి పోకుండా తొడగండి. ఇంజన్ లోడ్ మీద ఉన్నప్పుడు నా దాంట్లో నీళ్లు జానెడు ఎగిశాయి. బ్రీదర్ విప్పితే లోపలి జాలీలో నల్ల ముద్ద పేరుకుని ఉంది, రబ్బరు గొట్టం లోపల ఉబ్బి దాదాపు మూసుకుపోయింది. శుభ్రం చేసి కొత్త గొట్టం వేశాక నీళ్లు ఉన్నచోటి నుంచి కదల్లేదు. బ్రీదర్ బాగున్నా నీళ్లు ఎగిస్తే రింగులు అరిగినట్టు, అప్పుడు కంప్రెషన్ టెస్ట్ చేయించుకోండి, సీల్ మార్చి లాభం లేదు.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ప్లాస్టిక్ మూతి దగ్గర తడి ఉందేమో, ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగ్ అక్కడే అతుక్కుని రెండు రింగులైపోయాయేమో, ఆయిల్ కూలర్ గొట్టాల చివర నొక్కి బిగించిన క్రింప్‌లు, లిఫ్ట్ పంప్ బ్లాక్ మీద కూర్చునే చోటు. ఇంజన్ ముందు వైపు సీల్ పోతే మాత్రం గుర్తు సులువు, పుల్లీ ఆయిల్ని విసిరికొడుతుంది, బెల్టు తిరిగే వరుసలోనే చుట్టూ గీతలా చిమ్మి ఉంటుంది.

ఇవన్నీ పొడిగా ఉండి, నీళ్ల పైపు టెస్ట్ కూడా బాగుండి, బెల్ హౌసింగ్ రంధ్రం నుంచే నల్ల ఆయిల్ వస్తుంటే అప్పుడు యార్డ్ వాళ్లదే రైటు. అయినా ఎంత కారుతోందో చూడండి. నాకు ఇప్పటికీ ఆ సీల్ నుంచి కొంచెం చెమరుస్తుంది, కింద ఆయిల్ పీల్చే ప్యాడ్ వేసి వదిలేశా, సీజన్‌కి ఒకసారి మారుస్తా. ఆయిల్ టాపప్ చేయాల్సినంత పోతుంటేనే మార్పించండి, అప్పుడు కూడా చేసేవాణ్ణి ఒకటి అడగండి, తాడు కొసలు హౌసింగ్ అంచుకి ఎంత బయటికి వదులుతావు అని. అర మిల్లీమీటరు లోపే వదలాలి, సమానంగా కోసేస్తానంటే వాడికి ఈ ఇంజన్ తెలియనట్టే. తాడు బదులు లిప్ సీల్‌కి మార్చే కిట్లు కూడా దొరుకుతాయి, షాఫ్ట్ మీద అరుగుదల లేకపోతే అవి నయం. గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది కాబట్టి డ్యాంపర్ ప్లేట్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కుదుపు తట్టుకునే పళ్లెం) స్ప్రింగులు వదులయ్యాయేమో చూసి, వదులైతే అదీ అప్పుడే మార్పించేయండి, విడిగా అయితే మళ్లీ అంత కూలీ ఇవ్వాలి.